పేరులేని శిఖరము

కొండకు పేరు పెట్టవలసినది ఎవరు? దాని నీడలో పశువులను మేపుకొనువాడా, దూరమునుండి దాని యెత్తును కొలుచువాడా? కారకోరం శ్రేణిలోని కె-2 శిఖరము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది. 8,611 మీటర్ల యెత్తుతో ప్రపంచమున రెండవదైన ఈ మహాపర్వతమునకు నేటికిని పేరుగా చెల్లుచున్నది ఒక అక్షరము, ఒక అంకె మాత్రమే.

1802లో మద్రాసు చెంత మొదలైన మహా త్రికోణమితి సర్వే అర్ధశతాబ్ది గడచునప్పటికి కాశ్మీరమును చేరెను. 1856లో మాంట్‌గోమరీ అను అధికారి హరముఖ్ పర్వతముపైనుండి, ఇన్నూరు కిలోమీటర్ల దూరమున కానవచ్చిన రెండు శిఖరములను చిత్రించి కె-1, కె-2 అని గుర్తులు వేసెను. ‘కె’ అనగా కారకోరం. స్థానికనామము తెలిసినచో దానినే పటమున నిలుపుట సర్వేవారి నియమము. ఆ విధముగనే కె-1 మషెర్‌బ్రుమ్ అయ్యెను. కె-2కు మాత్రము అట్టి పేరు దొరకలేదు. దక్షిణమున చివరి గ్రామమైన అస్కోలే నుండి ఆ శిఖరము కానరాదు. కంటికి కానరాని కొండకు ఊరివారు పేరేల పెట్టుదురు?

గాడ్విన్ ఆస్టిన్ అను సర్వేయరు పేరు పెట్టవలెనని తరువాత కొందరు సూచించిరి. లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అంగీకరింపలేదు. బల్తీ భాషలో ‘పెద్దకొండ’ యను అర్థమిచ్చు ‘ఛోగోరి’ కూడ ప్రచారమునకు వచ్చెను. కాని అది ప్రజల వాడుకలో పుట్టినది కాదనియు, పాశ్చాత్య యాత్రికులు కూర్చినదనియు పలువురి అభిప్రాయము. విచిత్రమేమనగా, బల్తీ ప్రజలే కె-2ను ‘కేటూ’ యని తమ నోటికి అనువుగా మలచుకొనిరి. కొలతగాని గుర్తు జనుల నుడియైనది!

అయితే ఆ మంచి నియమము అంతట నిలువలేదు. తిబెత్తువారు చోమొలుంగ్మా యని పిలుచుకొను శిఖరమునకు, నిశ్చితమైన స్థానికనామము తెలియదను కారణమున, 1865లో ఎవరెస్టు అను సర్వే అధికారి పేరు స్థిరపడెను. ఆయనయే అందుకు ఆక్షేపణ తెలిపియుండెను. పేరు లేకపోవుట వేరు. ఉన్న పేరు వినబడకపోవుట వేరు.

ఈ రెండవ లోపము మనకును తప్పినది కాదు. మన గుట్టలకు, వాగులకు, కుంటలకు పెద్దలు పెట్టుకొన్న పేర్లు అన్నియు పటములకెక్కలేదు. వృద్ధుల నోట మాత్రమే నిలిచినవి వారితోనే పోవును. ఉపాధ్యాయులు తరగతిలో భూపటము విప్పినపుడు, అందులేని పేర్లను విద్యార్థులచేత తాతలను, అవ్వలను అడిగించి వ్రాయింపవలెను. అది భాషకును చరిత్రకును చేయదగిన సేవ.

కె-2 పేరు అడుగుటకు దాని చెంత ఊరే లేకపోయెను. మనకా సాకు లేదు.