ఖాళీ అయిన కంచం

మా పాయా లేబర్ మీదుగా ఇప్పటికీ విమానాలు తిరుగుతుంటాయి. 1955 నుంచి 1981లో చాంగీ తెరిచేదాకా సింగపూర్ అంతర్జాతీయ విమానాశ్రయం ఇదే. ఇప్పుడది వైమానిక దళానిది. కొలంబో ప్రణాళిక స్కాలర్‌షిప్పులతో ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ వెళ్లిన పిల్లల్లో ఎందరో ఇక్కడే ఇంటివాళ్లకు చెయ్యి ఊపి ఉంటారు.

పిల్లల్ని పైదేశాలకు పంపడం మన తెలుగువాళ్లకు బాగా వచ్చు. పరాయి పిల్లల్ని మనింట్లో ఉంచుకోవడం మాత్రం ఇంకా రాలేదు.

గత మార్చిలో మా అమ్మాయి బడికి జపాన్ నుంచి విద్యార్థులు వచ్చారు. ఒక పిల్ల మూడు రాత్రులు మా ఇంట్లో ఉంది. మొదటి రాత్రి మా అమ్మ పప్పన్నం, దొండకాయ వేపుడు పెట్టింది. ఆ పిల్ల మెతుకు మిగల్చకుండా తింది. కంచం ఖాళీ అయిందని అమ్మ మళ్లీ వడ్డించింది. అదీ తినేసింది. మూడోసారి వడ్డించేసరికి పిల్ల కళ్లలో నీళ్లు. కారం ఎక్కువైందేమో అనుకున్నాం. కారం కాదు. పెట్టింది వదలకూడదని వాళ్లింట్లో నేర్పారు. ఖాళీ కంచం చూస్తూ ఊరుకోకూడదని మా అమ్మకు వాళ్లమ్మ నేర్పింది. మర్నాడు అమ్మ గరిటె ఆ పిల్ల చేతికే ఇచ్చింది.

ఏఎఫ్ఎస్ కథ నాకు అప్పుడు సరిగ్గా అర్థమైంది. ఇవాళ విద్యార్థుల మార్పిడికి పేరుపడ్డ ఆ సంస్థ మొదలైంది బడిలో కాదు, యుద్ధంలో. 1915లో ఏ. పయాట్ ఆండ్రూ అనే అమెరికా ఆర్థికవేత్త ఫ్రాన్స్‌లో దాన్ని నిలబెట్టాడు. పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. కాలేజీ కుర్రాళ్లు ఫోర్డ్ బళ్లను అంబులెన్సులుగా నడుపుతూ, గుండ్ల వానలో గాయపడ్డ ఫ్రెంచి సైనికుల్ని మోసుకొచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధంలో మళ్లీ బయల్దేరారు. ఆఫ్రికా, ఇటలీ మాత్రమే కాదు, మన భారత-బర్మా సరిహద్దుకూ వచ్చారు.

యుద్ధం ముగిశాక ఆ డ్రైవర్లు బళ్లు అప్పగించి ఎవరిళ్లకు వాళ్లు పోయుంటే తప్పుపట్టేవారు లేరు. కానీ స్టీఫెన్ గలాటీ నాయకత్వాన 1946లో కూర్చుని ఆలోచించారు. గాయపడ్డాక మోయడం కంటే ముందు చేయాల్సిన పని ఒకటుందనుకున్నారు. 1947లో 10 దేశాల నుంచి 52 మంది విద్యార్థులు అమెరికా చేరారు. హైస్కూలు వయసు పిల్లల్ని హోటళ్లలో కాకుండా కుటుంబాల మధ్య ఉంచడం ఆ కార్యక్రమానికి ప్రాణమైంది. చాలాచోట్ల ఆ కుటుంబాలు పైసా తీసుకోవు. పిల్లకు మంచం వేస్తాయి, బడికి పంపుతాయి, ఆలస్యమైతే కోప్పడతాయి.

నేను గట్టిగా నమ్మేది ఆ కోప్పడటాన్నే. అతిథిని ఎవరూ కోప్పడరు. ఇంటిపిల్లనైతేనే కోప్పడతాం. మన పిల్లలు ఒక సెమిస్టరు ఎక్స్ఛేంజ్‌కు వెళ్లి హాస్టల్లో తోటి తెలుగు పిల్లలతోనే వండుకు తిని వస్తే, క్రెడిట్లు బదిలీ అవుతాయి తప్ప మరేం మారదు.

ఇల్లు చిన్నదని, మాంసం వండబోమని, ఇంగ్లీషు తడబడుతుందని మనవాళ్లు వెనకాడతారు. మా ఇల్లూ చిన్నదే. అమ్మకు ఇంగ్లీషు రాదు.

మొన్న బడి నుంచి మళ్లీ కాగితం వచ్చింది, నవంబరులో ఎవరైనా ఒక విద్యార్థిని ఉంచుకోగలరా అని. నేను పూర్తిగా చదవకముందే అమ్మ అడిగింది: "ఆ దేశంలో చాలు అనడానికి ఏమంటారో ముందే కనుక్కో."