కెమెరా వైపు తిరిగిన చూపు

1968 జనవరిలో ముగ్గురు ఫ్రెంచి దేశస్థులు ఒక కెమెరాతో, ఒక శబ్దగ్రహణ యంత్రంతో భారతదేశమంతటా తిరగడం మొదలుపెట్టారు. వారి దగ్గర కథ లేదు, స్క్రిప్టు లేదు, ఏ రోజు ఏ ఊరికి వెళ్ళాలన్న పట్టికా లేదు. వారిలో పెద్ద లూయీ మాల్. అప్పటికే ఫ్రాన్సులో పేరు మోసిన సినీ దర్శకుడు. అంతకు ముందు సంవత్సరం చివర ఫ్రెంచి చిత్రాల ప్రదర్శన కోసం ఈ దేశానికి వచ్చి, వచ్చిన పని అయిపోయినా వెంటనే తిరిగి వెళ్ళలేకపోయాడు. ఛాయాగ్రాహకుడు ఎటియెన్ బెకర్, శబ్దగ్రాహకుడు ఝాన్ క్లోడ్ లోరో అతనికి తోడైనారు. నాలుగు నెలల సంచారంలో వారు పోగుచేసిన ఫిల్ము నుంచి కలకత్తా నగరం మీద ఒక విడి చిత్రమూ, ‘ఫాంటమ్ ఇండియా’ పేరుతో ఇంగ్లీషు ప్రపంచానికి తెలిసిన ఏడు భాగాల టెలివిజన్ ధారావాహికా తయారయ్యాయి. ఏడు భాగాలూ కలిపి ఆరు గంటల పైచిలుకు. తన చిత్రాలన్నింటిలో తన మనసుకు అత్యంత సన్నిహితమైనది ఇదేనని మాల్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

మొదటి భాగానికి ఆయన పెట్టిన పేరు ‘అసాధ్యమైన కెమెరా’. ఆరంభంలోనే ఇంగ్లీషు మాట్లాడే భారతీయులు కొందరు కెమెరా ముందుకు వచ్చి దేశం గురించి ధారాళంగా వివరిస్తారు. నూటికి ఇద్దరి భాష అది. మిగిలిన తొంభై ఎనిమిది మంది తరఫున ఈ ఇద్దరే మాట్లాడుతున్నారని దర్శకుడి గొంతు వెనుక నుంచి వినిపిస్తుంది. అక్కడితో ఆ మాటలు కట్టిపెట్టి ఆయన పల్లెల దారి పడతాడు. పల్లెల్లో మరొక చిక్కు ఎదురైంది. స్త్రీలు, పిల్లలు, కూలీలు చేస్తున్న పని ఆపి, కెమెరా కంటిలోకి నేరుగా చూడసాగారు. మామూలుగా ఇటువంటి చిత్రాలు తీసేవారు ‘ఇటు చూడకండి, మీ పని మీరు చేసుకోండి’ అంటారు. చూసిన ముక్కలను కత్తిరించి పారేస్తారు. మాల్ అలా చేయలేదు. పిలవని పేరంటానికి వచ్చింది తామే గనుక, తమ వంక చూసే హక్కు వారికి ఉన్నదని తలచి ఆ చూపులన్నింటినీ చిత్రంలో ఉంచేశాడు. విదేశీయుడి కళ్ళతో ఒక దేశాన్ని చూపించే ధారావాహికలు ఎన్నో వచ్చాయి. చూడబడేవారి కళ్ళకు ఇంత చోటిచ్చినవి మాత్రం తక్కువ.

అదే భాగంలో చచ్చిన గేదెను రాబందులు, కుక్కలు పీక్కుతినే దృశ్యం ఒకటి చాలాసేపు సాగుతుంది. చూడడానికి వెగటు కలిగించే దృశ్యమే. అయితే 1990ల నుంచి పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కారణంగా ఈ దేశపు రాబందులు నూటికి తొంభైకి పైగా నశించాయి. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించేనాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. మనవారెవరూ తీయదగినదని భావించని ఆ గుంపు నేడు ఆ ఫిల్ము మీద మిగిలి ఉన్నది. మద్రాసు భాగంలోనూ అంతే. ‘తిల్లానా మోహనాంబాళ్’ షూటింగు, చో రామస్వామి నాటకం, కళాక్షేత్రంలో నృత్యశిక్షణ, కపాలీశ్వరుని రథోత్సవం అందులో దొరుకుతాయి.

1970లో బి.బి.సి. ఈ ధారావాహికను బ్రిటన్‌లో ప్రసారం చేయడంతో గొడవ మొదలయింది. దేశపు దారిద్ర్యాన్నే ఎంచి చూపారని బ్రిటన్‌లోని భారతీయులు మండిపడ్డారు. ప్రసారం ఆపవలసిందని భారత ప్రభుత్వం కోరింది. బి.బి.సి. వినలేదు. ఆ ఆగస్టులో ఢిల్లీలోని బి.బి.సి. కార్యాలయం మూతపడింది, తిరిగి తెరుచుకోవడానికి కొంతకాలం పట్టింది.

ప్రభుత్వానికి అంత కోపం తగునా అని నేడు అడగడం తేలిక. ఉన్న దారిద్ర్యాన్ని కెమెరా కల్పించలేదు గదా! కాని ఆ కోపంలో న్యాయమైన పాలు ఒకటున్నది. ఆ చిత్రంలో కెమెరా వైపు చూసిన మనిషికి ఆ చిత్రాన్ని చూసే అవకాశం ఏ కోశానా లేదు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైన టెలివిజన్ 1970 నాటికి కూడా ఆ నగరం దాటలేదు. బొంబాయికి 1972లో, కలకత్తా, మద్రాసులకు 1975లో, హైదరాబాదుకు 1977లో వచ్చింది. పల్లెల సంగతి చెప్పనక్కరలేదు; ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ చూసింది 1975–76 ప్రయోగంలోనే. అంతకు ముందే, 1959లో, ఇటలీ దర్శకుడు రోబెర్తో రొస్సెల్లీని భారతదేశంపై పది భాగాల ధారావాహికను తన దేశపు టెలివిజన్‌కు సమర్పించాడు. అదీ ఇక్కడివారికి అందలేదు. లండన్‌లో, రోములో కూర్చున్నవారు మన ఇంటి పెరడు చూశారు. పెరట్లో ఉన్నవారికి ఆ సంగతే తెలియదు.

ఆ 1970లో రాష్ట్రపతి భవనంలో ఉన్నది వరాహగిరి వేంకటగిరి. బరంపురంలో పుట్టిన ఆ తెలుగువాడు నాలుగు దశాబ్దాల ముందు బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు. కొలువుల నుంచి తొలగించబడినవారి కోసం 1928లో ఆయన నడిపిన అహింసాయుత సమ్మె కార్మిక చరిత్రలో నిలిచిపోయింది. ఆ రైల్వేకు గుండెకాయవంటి వర్క్‌షాపు ఉన్న ఊరు ఖరగ్‌పూర్. హౌరాకు నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో, బెంగాలు నేల మీద, నేటికీ వీధుల్లో తెలుగు వినిపించే ఊరు. విదేశీయుడి కెమెరాను పరీక్షకు పెట్టదలచిన వారికి ఇంతకంటె తగిన స్థలం దొరకదు.

కెమెరా అక్కడ దిగితే ముందుగా దేనివంక తిరుగుతుందో ఊహించడం కష్టం కాదు. 1,072 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫారం! 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాటిపోయేవరకు ప్రపంచంలో అతి పొడవైనదిగా దాని పేరు సామాన్య విజ్ఞానపు పుస్తకాలన్నింటిలో ఉండేది. చరిత్ర మీద ఆసక్తి ఉన్న కెమెరా అయితే హిజ్లీకి వెళ్తుంది. 1931 సెప్టెంబరులో నిర్బంధితుల మీద కాల్పులు జరిగి ఇద్దరు మరణించిన శిబిరం అది. ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. ప్రారంభమయింది. ఈ విషయంలో స్వదేశీ కెమెరాలూ తక్కువ తినలేదు. ధోనీ ఇక్కడ టిక్కెట్ కలెక్టరుగా ఉద్యోగం చేశాడు గనుక, 2016లో అతని జీవితంపై వచ్చిన హిందీ చిత్రం కూడా ఈ స్టేషనుకే వచ్చింది.

బ్రిటిషు మాజీ మంత్రి మైకేల్ పోర్టిల్లో 2018లో బి.బి.సి. కోసం చేసిన భారతీయ రైలు యాత్రల తీరు చూస్తే ఈ అలవాటుకు కారణం తెలుస్తుంది. రంగురంగుల కోట్లు తొడుక్కుని, 1913 నాటి బ్రాడ్‌షా మార్గదర్శిని చేతబట్టి, ఆయన నాలుగు భాగాలలో నాలుగు దారులు తిరిగాడు. అమృత్‌సర్ నుంచి సిమ్లాకు, జోధ్‌పూర్ నుంచి ఢిల్లీకి, మైసూరు నుంచి చెన్నైకి, లక్నో నుంచి కోల్‌కతాకు. మర్యాదస్థుడు, ఎవరినీ నొప్పించడు, మాల్‌వలె దుమారమూ లేపలేదు. కాని అరగంట ఆగిన చోట అరగంటలో కనిపించేదే కనిపిస్తుంది. 1913 నాటి పుస్తకంలో ఏ జంక్షనులో ఏ బండి మారాలో ఉంటుంది. ఆ జంక్షనులో బండికి మరమ్మతు చేసినవాడు ఇంట్లో ఏ భాష మాట్లాడతాడో ఉండదు.

ఆ భాష ఖరగ్‌పూర్‌కు వచ్చిన దారి కూడా రైలు దారే. బెజవాడ నుంచి కటకం దాకా తీరం వెంబడి 1893–96 మధ్య పట్టాలు పడ్డాయి. వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. అప్పటి నుంచి విశాఖ, గంజాం జిల్లాల పల్లెవాసులకు ఖరగ్‌పూర్ పరాయి ఊరుగా మిగలలేదు. కరువు వచ్చినా, కమతం చాలకపోయినా, బావగారో మేనమామో వర్క్‌షాపులో ఉంటే బండెక్కడమే. మొదటి తరంవారు బెంగాలు దేశానికి విదేశీయులే అనవచ్చు. చేపల పులుసులో ఆవముద్ద వేస్తారని, పాలు విరిచి మిఠాయి చేస్తారని వారు ఇంటికి వ్రాసిన ఉత్తరాలలో ఆశ్చర్యం ఉండి ఉంటుంది. తేడా అల్లా ఒకటే. వారు నాలుగు నెలలకు తిరిగి పోలేదు. చూసిన చోటే ఇల్లు కట్టారు. పిల్లలు బడిలో బంగ్లా, వీధిలో హిందీ, వంటింట్లో తెలుగు నేర్చారు. దుర్గా పూజతోబాటు తమ మాతా పూజనూ ఆ ఊరి పండుగల్లో ఒకటిగా చేశారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాషా హోదా కల్పించాలని నిర్ణయించినప్పుడు ఆ నిర్ణయం వెనుక ప్రధానంగా ఉన్నది ఈ ఊరే.

నూరేళ్ళపాటు ఒక రాష్ట్రాన్ని పొరుగువాడి కళ్ళతో చూసిన ఈ జనం కథను ఏడు భాగాల ధారావాహికగా తీయడానికి ఏ దేశపు దర్శకుడూ ఇంతవరకు రాలేదు. తీస్తే ప్లాట్‌ఫారం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. రైల్వే క్వార్టర్ల వరుసలు దాటి పట్టణపు అంచుకు వెళితే విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉన్నది. ఈ జిల్లాలోని బీర్‌సింగ్‌హ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుని పేరు దానికి పెట్టారు. రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థ ఏర్పరచిన ఆ స్థలంలో టాటా హిటాచీవారు మట్టి తవ్వే యంత్రాలను తయారు చేస్తున్నారు. తండ్రి తరువాత కొడుకు, కొడుకు తరువాత మనుమడు ఒకే వర్క్‌షాపు గేటులో అడుగుపెట్టే కాలం గడిచిపోయింది గనుక, ఊరి యువకులు ఇప్పుడు ఇటువంటి గేట్లవంక చూస్తున్నారు. మార్గదర్శినులలో దీనికి పేజీ లేదు. పాత కోట లేదు, ఆవిరి ఇంజను లేదు, సూర్యాస్తమయం కూడా అంత అందంగా ఉండదేమో.

ఇద్దరు తెలుగువారు అక్కడ ఎదురుపడితే మాత్రం సంభాషణ ఒకే తీరుగా మొదలవుతుంది. ‘తెలుగువారా? మీదే ఊరండీ?’ తానూ, తన తండ్రీ పుట్టింది ఖరగ్‌పూర్‌లోనే అయినా, జవాబుగా టెక్కలి దగ్గరో, పలాస దగ్గరో ఒక పల్లె పేరు వినిపిస్తుంది. ఆ వెంటనే అవతలివారు అక్కడ ఎవరి తాలూకు అని అడుగుతారు.