"బాగానే ఉన్నాను" అంటే సరిపోదు



2014 జూలై 13న రియో డి జనీరోలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఆట 17వ నిమిషంలో జర్మనీ ఆటగాడు క్రిస్టాఫ్ క్రామర్ ముఖానికి అర్జెంటీనా ఆటగాడి భుజం బలంగా తగిలింది. కాసేపు చూసి మళ్ళీ ఆడనిచ్చారు. కొంతసేపటికి అతడు రెఫరీ నికోలా రిజోలీ దగ్గరకు వెళ్ళి, ఇది ఫైనలేనా అని అడిగాడు. హాస్యమాడుతున్నాడని రెఫరీ మొదట అనుకున్నారట! 31వ నిమిషంలో గాని క్రామర్‌ను బయటికి పంపలేదు.

తలకు దెబ్బ తగిలి వచ్చినవారిని ఆసుపత్రిలో మేము ముందుగా అడిగేది కూడా ఇటువంటిదే. ఇది ఏ ఊరు? ఈరోజు ఏ వారం?

మెదడు కుదుపుకు లోనై కొంతకాలం పనితీరు తప్పడాన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పాలనే నియమమేమీ లేదు. స్కానులో ఏమీ కనబడకపోవచ్చు. కొందరికి లక్షణాలు గంటల తర్వాత బయటపడతాయి. అది తగ్గకముందే మరో దెబ్బ తగిలితే కోలుకోవడం చాలా ఆలస్యమవుతుంది. అరుదుగా, ముఖ్యంగా చిన్న వయసువారిలో, మెదడు వాచి ప్రాణమే పోవచ్చు.

కాబట్టి ఆడాలా వద్దా అన్నది దెబ్బ తగిలినవాడిని అడగకూడదని నా అభిప్రాయం. చెప్పవలసిన మెదడే కదా దెబ్బ తిన్నది! అదే ప్రపంచ కప్‌లో ఉరుగ్వే ఆటగాడు అల్వారో పెరీరా స్పృహ తప్పి పడ్డాడు. డాక్టరు మార్చమని సైగ చేస్తే, లేచి ఆయనతోనే వాదించి ఆటలోకి వెళ్ళాడు.

కంకషన్ అనుమానముంటే అదనపు సబ్‌స్టిట్యూట్‌ను దింపే పద్ధతిని 2021 నుండి పరీక్షించి, 2024 జూలైలో ఆట నియమాలలో చేర్చారు. కోరుకున్న పోటీలు దానిని పాటించవచ్చు. మంచిదే గాని, బయటికి వెళ్ళినవాడు ఇక తిరిగి రాకూడదు. మంచి ఆటగాడిని పోగొట్టుకోవడం ఏ కోచ్‌కు ఇష్టం? ఆ బరువంతా డాక్టరు మీద పడుతుంది. రగ్బీలో తాత్కాలికంగా మరొకరు ఆడుతుండగా డాక్టరు పక్క గదిలో నిదానంగా పరీక్షిస్తారు. ఫుట్‌బాల్‌కూ అదే కావాలి.

కంకషన్ అని తేలితే ఆ రోజుకు ఆట ముగిసినట్టే. ఒకటి రెండు రోజులు విశ్రాంతి, కొద్దిపాటి నడక. తరువాత తేలిక వ్యాయామం, పరుగు, తలకు దెబ్బ తగలని సాధన, ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. డాక్టరు అనుమతిస్తేనే ఇతరులతో ఢీకొనే సాధన, ఆ తర్వాతే మ్యాచ్.

మన పిల్లలకు గ్రౌండులో డాక్టరు ఉండరు. సోడా తాగించి మళ్ళీ ఆటకు పంపే పెద్దలే ఎక్కువ. తలకు దెబ్బ తగిలాక వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబడడం, ఫిట్స్, లేపినా లేవని మత్తు కనబడితే అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి తీసుకురండి.