ల్యాన్ వైరు తరఫున ఒక మొర

కొత్త అపార్ట్‌మెంటు బ్రోచరు ఏదైనా తీసి చూడండి. ప్రతి పడగ్గదిలో ఏసీ పాయింటు, హాల్లో టీవీ పాయింటు, వంటింట్లో చిమ్నీకి ఒకటి, వాటర్ ప్యూరిఫయర్‌కి ఒకటి, బాల్కనీలో వాషింగ్ మెషీన్‌కి ఇంకొకటి. ల్యాన్ పాయింటు మాత్రం చాలా ఫ్లాట్లలో కనబడదు. ఉంటే గింటే టీవీ వెనక ఒకటి ఉంటుంది, దాని రెండో కొస ఎక్కడ తేలిందో వాచ్‌మన్‌కీ తెలియదు, ఎలక్ట్రీషియన్‌కీ తెలియదు. కోటి రూపాయలు పోసి కొన్న ఇంట్లో హాలు నుంచి వెనక గదికి ఒక తీగ తీసుకెళ్లాలంటే గోడ తొలిపించాలి, లేదా తలుపు సందులోంచి లాగి, కాళ్లకు అడ్డం పడుతుంటే భరించాలి. ఇదేమిటని అడిగితే ఒకటే జవాబు: "ఇప్పుడంతా వైఫై కదండీ, వైరెందుకు?"

ఆ "వైరెందుకు" మీదే నా అభ్యంతరం.

వైఫై మీద నాకు కోపం లేదు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగేవాళ్లకి తీగ ఎలా కడతాం? నా గొడవల్లా కదలని వస్తువుల గురించి. ఏళ్ల తరబడి ఒకే టేబుల్ మీద కూర్చునే డెస్క్‌టాప్, గోడకి బిగించేసిన టీవీ, రోజుకి తొమ్మిది గంటలు ఛార్జరు తగిలించుకునే పనిచేసే ఆఫీసు లాప్‌టాప్ కూడా గాలిలో సిగ్నల్ కోసం ఫోన్లతో పోటీ పడుతున్నాయి. వాటిలో చాలావాటికి ల్యాన్ పోర్టు ఉంది. దుమ్ము పట్టి ఉంది.

వైఫై పనితీరు చూస్తే ఈ పోటీ ఎంత దండగో తెలుస్తుంది. ఒక ఛానల్ మీద మామూలుగా ఒక సమయంలో ఒక్క పరికరమే మాట్లాడాలి. మిగతావి చెవి ఒగ్గి విని, ఖాళీ అయిందని నమ్మకం కుదిరాక, మరికాస్త ఆగి అప్పుడు నోరు తెరవాలి. పక్కింటి రౌటర్ అదే ఛానల్లో ఉంటే దాని మాట అయ్యేదాకా మనమూ ఆగాల్సిందే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11. అయిదంతస్తుల భవనంలో ఎన్ని రౌటర్లుంటాయో మీరే లెక్కేసుకోండి. బ్లూటూత్ మకాం కూడా అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ రొదా అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు ఎక్కువే గానీ రెండు గోడలు అడ్డొచ్చేసరికి నీరసపడిపోతుంది. రౌటర్ పెట్టె మీద అచ్చేసిన వేగంలో సగం చేతికొస్తే గొప్ప.

తీగకి ఈ తిప్పలు లేవు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కి దాని దారి దానిదే, పంపడం, అందుకోవడం రెండూ ఏకకాలంలో జరిగిపోతాయి. లోపల ఎనిమిది సన్నటి తీగలు, రెండేసి చొప్పున మెలిపెట్టి ఉంటాయి. ఆ మెలి వల్ల బయటి రొద జంటలోని రెండింటి మీదా ఇంచుమించు ఒకేలా పడుతుంది, అవతలి కొసలో దాన్ని తీసిపారేయడం తేలికవుతుంది. ఈ ఉపాయానికి గ్రాహంబెల్ 1881లోనే పేటెంటు తీసుకున్నాడు. వంద మీటర్ల దూరం వరకూ మాట తప్పని ఇలాంటి తీగని మనం ఓల్డ్ మోడల్ అంటున్నాం.

నమ్మకం కుదరకపోతే మీ రౌటర్ చిరునామాకి పింగ్ కొట్టి, జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. తీగ మీదైతే విండోస్ ఒక మిల్లీసెకను కన్నా తక్కువని వరసపెట్టి చూపిస్తుంది. వైఫై మీద 2, 4, 3 అంటూ బుద్ధిగా నడిచి ఉన్నట్టుండి 90 అనొచ్చు. యూట్యూబ్ చూసేవాళ్లకి ఆ 90 తగలదు, వీడియో కొంత ముందే దించుకుని ఉంటుంది కాబట్టి. రాత్రి పదింటికి అమెరికా క్లయింటుతో కాల్‌లో ఉన్నవాళ్లకి తగులుతుంది. 2020 లాక్‌డౌన్‌లో "మీ వాయిస్ కట్ అవుతోంది" అనే మాట వినని ఇల్లు లేదు. జనం ఏం చేశారు? ప్లాను పెంచుకున్నారు, వంద ఎంబీపీఎస్‌ని రెండొందలు చేశారు, రెండొందల్ని మూడొందలు చేశారు. చాలా ఇళ్లలో తప్పు ప్లానుది కాదు, మధ్యలో ఉన్న గోడది.

నిజానికి తీగకీ వైఫైకీ పుట్టుకతో పగ లేదు. 1971లో హవాయి విశ్వవిద్యాలయం వాళ్లు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపారు, దాని పేరు అలోహానెట్. నార్మన్ ఏబ్రమ్సన్ నడిపిన ఆ పని గురించి చదివాకే బాబ్ మెట్‌కాఫ్ 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో ఈథర్నెట్‌కి, అంటే మన ల్యాన్ తీగ పద్ధతికి, రూపం ఇచ్చాడు, డేవిడ్ బాగ్స్ తోడుగా దాన్ని పనిచేయించాడు. గాలిలో పుట్టిన ఆలోచన తీగలోకి దిగిందన్నమాట. 1997లో వచ్చిన వైఫై ప్రమాణం, తీగ దగ్గర నలిగిన పద్ధతుల్ని తీసుకుని మళ్లీ గాలిలోకి ఎక్కింది. మెట్‌కాఫ్‌కి 2022 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఆయన తీగకి మాత్రం మన ఇళ్లలో చోటు దొరకలేదు.

ఇంకో విడ్డూరం కూడా ఉంది. వెనక గదిలో వైఫై అందడం లేదని ఎక్స్‌టెండర్ కొంటారు. చవకరకం ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో విని, అదే రేడియోతో తిరిగి చెప్పాలి, అందుకే వేగం సగానికి పడిపోతుంది. అదే గదిలో రెండో రౌటర్ పెట్టి, హాల్లోని మొదటిదానికి ల్యాన్ తీగతో కలిపితే ఆ గదిలో వైఫై దివ్యంగా వస్తుంది. అప్పుడు చుట్టాలంతా "మీ ఇంట్లో వైఫై భలే ఉందే" అంటారు. సొమ్మొకడిది, సోకొకడిది.

అసలు విషయం, రెంటినీ ఒకే కంప్యూటర్‌లో ఒకేసారి ఉంచుకోవచ్చు. తీగ పెడితే వైఫై ఆపేయాలేమో, రెండూ ఉంటే కొట్టుకుంటాయేమో అన్న భయం చాలామందికి ఉంది. కొట్టుకోవు. కంప్యూటర్ ప్రతి దారికీ మెట్రిక్ అని ఒక అంకె ఇస్తుంది, తక్కువ అంకె ఉన్న దారికి మొదటి పిలుపు. విండోస్ ఆ అంకెని వేగాన్ని బట్టి తనే వేసుకుంటుంది, మామూలుగా తీగే ముందుంటుంది. చాలా లినక్స్ కంప్యూటర్లలో తీగకి 100, వైఫైకి 600. మ్యాక్‌లో అయితే ఏది ముందో వరస మనమే పెట్టుకోవచ్చు. తీగ ఊడితే పని వైఫై మీదికి మళ్లుతుంది. నడుస్తున్న కాల్ ఒక్కసారి తెగొచ్చు, ఎందుకంటే కంప్యూటర్ చిరునామా మారుతుంది. అంతకుమించి నష్టం లేదు.

రెండూ కలిస్తే వేగం రెట్టింపు అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఒక డౌన్‌లోడ్ మామూలుగా ఒక దారినే పోతుంది. లాభం వేరేచోట ఉంది. తీగ మీద ఇంటి ఫైబర్, వైఫై మీద ఫోను హాట్‌స్పాట్ పెట్టుకుంటే చేతిలో రెండు వేర్వేరు కంపెనీల దారులున్నట్టు. వీధిలో తవ్వి ఫైబర్ తెంపిన రోజున ఇది ఆదుకుంటుంది. ఒక చిక్కుంది: రౌటర్ వెలుగుతూనే ఉండి బయట ఫైబర్ తెగితే కంప్యూటర్ చాలాసార్లు తీగనే నమ్ముకుని కూర్చుంటుంది. తీగ పీకేయండి, గాలి దారి పడుతుంది. తీగ ఉన్నప్పుడు విండోస్ తనంతట తాను వైఫైలో చేరకపోవచ్చు కూడా, హాట్‌స్పాట్‌ని చేత్తో ఎంచుకోవాలి.

హాస్టల్ గదిలో గోడకి ల్యాన్ పోర్టు ఒక్కటే ఇచ్చారనుకోండి. ఆ తీగ లాప్‌టాప్‌కి పెట్టి, విండోస్‌లోని మొబైల్ హాట్‌స్పాట్ నొక్కితే, లాప్‌టాప్ తన వైఫైతో ఫోన్లకి నెట్ పంచుతుంది. తీగ తెస్తుంది, గాలి వడ్డిస్తుంది. ఇంతకన్నా చక్కని కాపురం ఎక్కడుంది?

ఇంత చేసే తీగకి మనవాళ్లు చేస్తున్న మర్యాద చూడండి. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు తొందరలో లోపలి ఎనిమిది తీగల్లో నాలుగే బిగించి వెళ్తాడు. నాలుగుతో 100 ఎంబీపీఎస్ నడుస్తుంది, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మూడొందల ప్లానుకి డబ్బు కట్టి వంద దాటని వేగం చూసి, "వైరు స్లో అండీ, వైఫైలోనే నయం" అని తీర్పు చెప్పేస్తారు. కంప్యూటర్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ 100 అని ఉందో 1000 అని ఉందో చూస్తే నేరం ఎవరిదో తేలుతుంది. తేడా చిన్నది కాదు. 50 జీబీ పెళ్లి ఫొటోలు ఇంట్లోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే, డిస్కులు మందకొడివి కాకపోతే, గిగాబిట్ మీద ఎనిమిది నిమిషాల పని, వంద మీద గంట దాటుతుంది. ఇక షాపులో చవగ్గా దొరికేది అల్యూమినియం మీద రాగి పూత పూసిన తీగ. అది నాలుగుసార్లు వంచితే విరుగుతుంది, ఆ చెడ్డపేరూ ల్యాన్ ఖాతాలోకే.

లాప్‌టాప్ కంపెనీలు సరేసరి. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాన్ పోర్టు లేకుండా వచ్చింది. పల్చదనం కోసమని తర్వాత చాలామంది అదే బాట పట్టారు. రెండు మిల్లీమీటర్ల పల్చదనం ఎవరడిగారో నాకు తెలియదు. ఇప్పుడు యూఎస్‌బీ అడాప్టరు మనమే విడిగా కొనుక్కోవాలి. కొనేటప్పుడు దాని మీద గిగాబిట్ అని, యూఎస్‌బీ 3 అని ఉందో లేదో చూసుకోండి, లేకపోతే పూర్తి గిగాబిట్ వేగం రాదు.

ఇల్లు కట్టిస్తున్నవాళ్లకి ఒక్క విన్నపం. గోడలకి ప్లాస్టరింగ్ కాకముందే, రౌటర్ పెట్టే చోటు నుంచి టీవీ గోడకి, కంప్యూటర్ టేబుల్ పడే ప్రతి గదికి, కరెంటు పైపుకి ఎడంగా ఇంకో పైపు వేయించండి. అందులో పూర్తి రాగి క్యాట్-6 తీగ లాగించండి. రెండు కొసలా ఎనిమిదీ బిగించారో లేదో టెస్టరు పెట్టి చూపించమనండి. బిల్డరు "వైరెందుకండీ" అంటే ఊరుకోకండి.