ప్రేమ విందు అయ్యాక ఆ సంచులు ఎక్కడికి?

ఆదివారం ఆరాధన ముగిసింది, ప్రేమ విందు కూడా అయిపోయింది. స్త్రీల సమాజం వారు గిన్నెలు సర్దుతున్నారు. మందిరం వెనక గోడ దగ్గర నాలుగు నల్ల సంచులు. మిగిలిన అన్నం, ఎముకలు, పేపరు ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ వాటిలో కలిసే ఉన్నాయి. సోమవారం చెత్త ఆటో వచ్చి తీసుకెళ్తే ఇక మన పని తీరిందనుకుంటాం.

ఆ సంచి చేరేది డంపింగ్ యార్డుకే. గుట్ట కింద గాలి ఆడని చోట అన్నం, కూరగాయలు కుళ్లి మీథేన్ పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు బలమైనది. కుళ్లిన చెత్త నుంచి ఊరే నల్లని నీరు చుట్టుపక్కల చెరువుల్లోకి, బోర్లలోకి దిగుతుంది. హైదరాబాద్‌లో జవహర్‌నగర్ పరిసరాల ప్రజలను అడిగితే ఈ సంగతి మనకంటే బాగా చెబుతారు.

అదే చెత్త మరోలా కూడా ఉపయోగపడగలదు. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల వరకు కరెంటు తీసే బయోగ్యాస్ ప్లాంటు పెట్టారు. సాంకేతికత ఐఐసీటీ శాస్త్రవేత్తలది. 2021 జనవరిలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో దీన్ని ప్రస్తావించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మార్కెట్లో పోగయ్యేది చాలావరకు కూరగాయల చెత్తే, అందుకే పని తేలికైంది. ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో కవర్లు, గాజు పెంకులు, డైపర్లు కలిసి ఉంటాయి. వాటితో ఏ యంత్రమైనా మొరాయిస్తుంది. ప్లాంటు కట్టడానికి డబ్బుంటే చాలు. ఇంటి గడప దగ్గర తడి, పొడి వేరుగా ఇప్పించడమే కష్టం.

ఇండోర్ ఆ కష్టమైన పనినే ముందు చేసింది. ఇంటింటికీ వెళ్లే బండ్లలోనే వేర్వేరు అరలు పెట్టి, జనానికి అలవాటు చేసింది. ఆ తర్వాతే, 2022 ఫిబ్రవరిలో, రోజుకు 550 టన్నుల తడిచెత్తను బయో సీఎన్‌జీగా మార్చగల ప్లాంటు మొదలైంది. హైదరాబాద్‌లోనూ ఇంటికి రెండేసి డబ్బాలు పంచారు. కొన్ని ఇళ్లలో అవి బియ్యం డబ్బాలయ్యాయి! జనాన్నే తప్పుపట్టడం కూడా న్యాయం కాదు. మనం వేరు చేసి ఇచ్చింది కళ్లముందే ఆటోలో కలిపేస్తుంటే రేపు ఎవరు వేరు చేస్తారు?

ఇది ఊరి సంగతి, సంఘానికి ఏం పని అనేవారుంటారు. కేంద్రం 2016లో తెచ్చిన ఘనవ్యర్థాల నిబంధనలు రోజుకు సగటున 100 కిలోలకు మించి చెత్త వచ్చే సంస్థల జాబితాలో ప్రార్థనా స్థలాలను కూడా పేరుపెట్టి చేర్చాయి. లైసెన్సు లేని స్థలంలో 100 మందికి మించి కూడిక పెడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు తెలపాలనీ, చెత్తను వేరు చేసే బాధ్యత నిర్వాహకులదేననీ అన్నాయి. మన కన్వెన్షన్ల కమిటీల్లో ఎందరికి ఈ మాట తెలుసు?

ఇంకో సంగతి చెప్పక తప్పదు. ఆ నల్ల సంచి విప్పి చేత్తో ఏరేవారిలో మన సంఘాల బిడ్డలు ఉన్నారు. ఆదివారం మన పక్కన కూర్చుని ప్రార్థించిన సోదరి సోమవారం మన ఎంగిలి ప్లేట్లలోంచి ప్లాస్టిక్ ఏరుతుంది. యేసు ప్రభువు అయిదు వేలమందికి పెట్టిన తర్వాత మిగిలిన ముక్కలను శిష్యులచేతనే ఎత్తించాడు, ఇంకెవరికో వదిలేయలేదు.

చేయదగింది పెద్దదేమీ కాదు. వంటకు ముందు తలలు లెక్కపెట్టండి. ముట్టని అన్నం ఉంటే పాడవకముందే హాస్టలుకో ఆసుపత్రి బయట కాచుకున్న వారికో చేర్చండి. కూరగాయల తొక్కలను ఆవరణలో రాలిన ఆకులతో కలిపి గుంటలో వేసి, అప్పుడప్పుడు తిరగేస్తే రెండు మూడు నెలల్లో ఎరువవుతుంది. ఎముకలు, నూనె మాత్రం అందులో వేయకండి, కుక్కలు తవ్విపోస్తాయి. అవి తడిచెత్త డబ్బాలో వేసి ఆటోకే ఇవ్వాలి. రాబోయే విందుకు వంటవారికి బయానా ఇచ్చే రోజునే డబ్బాల సంగతి కూడా కమిటీలో తేల్చుకుంటే మంచిది.