అది జలుబేనని తేల్చినదెవరు?

“బెజవాడలో చలి ఏమిటండీ!” అని నవ్వేవారితోనే నా మొదటి పేచీ. వడదెబ్బకు పేరుపడిన ఊరు మనది. జనవరి తెల్లవారుజామున ఉష్ణోగ్రత 18 డిగ్రీల దరిదాపులకు దిగినంత మాత్రాన ఇక్కడ ఎవరూ కొంకర్లు పోరు, నిజమే. అయితే చీడపీడల మందు కొట్టడమే వృత్తిగా గల మనిషికి చలికాలపు ప్రమాదం చలిలో లేదు. మనం మూసి ఉంచే కిటికీలలో ఉంది, అతడు ఉతకని స్వెట్టరులో ఉంది, తెల్లవారుజామున అతడు బండి నడిపే పొగమంచులో ఉంది. దీనిని కంపెనీలు పట్టించుకోవు. డబ్బిచ్చి పని చేయించుకునే మనమూ పట్టించుకోము.

గవర్నర్‌పేటనే చూడండి. బీసెంట్ రోడ్డు దుకాణాలూ, చుట్టుపక్కల హోటళ్లూ మూసిన తరువాతనే వీరి పని మొదలవుతుంది. రాత్రి ఇక్కడ మందు కొట్టి, కాస్త కునుకు తీసి, తెల్లవారకముందే బైకు వెనుక పంపూ డబ్బాలూ కట్టుకొని ఏలూరు రోడ్డున గన్నవరం వైపో, బందరు రోడ్డున ఉయ్యూరు వైపో బయలుదేరాలి. సంక్రాంతికి ఇల్లు దులిపించుకునేవారంతా ఆ పక్షం రోజుల్లోనే ఫోన్లు చేస్తారు. కొత్త ధాన్యం చేరిన గోదాముల పని కూడా అప్పుడే ముమ్మరమవుతుంది.

ఇక వైద్యం సంగతి. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు శరీరంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అణచివేస్తాయి. నరాల సంకేతాలను ఎప్పటికప్పుడు ఆర్పివేయవలసిన ఆ ఎంజైము పని మానితే, గ్రంథులూ కండరాలూ ఆగకుండా ప్రేరేపణకు లోనవుతాయి. ఆవిరి రూపంలో కొద్ది మోతాదు సోకినప్పుడు ముందుగా ఏమవుతుంది? ముక్కు కారుతుంది. కళ్లు నీళ్లు పెడతాయి. ఛాతీ పట్టేసినట్లుంటుంది, దగ్గు వస్తుంది, తల బరువెక్కుతుంది. డిసెంబరులో ఈ లక్షణాలు చెప్పుకున్న కుర్రవాడిని చూసి యజమాని, “మంచులో తిరిగావు, జలుబు చేసింది, ఒక మాత్ర వేసుకో” అంటాడు. మే నెలలో అయితే అనుమానించి ఉండేవాడేమో! విషాన్ని జలుబు ముసుగులో దాచిపెట్టడమే చలికాలం చేసే అసలు అపకారం.

ఈ రెండింటినీ వేరుచేసే గుర్తు కంటిలో ఉంటుంది. జలుబు చేసినవాడి కనుపాప మామూలుగానే ఉంటుంది. మందు సోకినవాడి కనుపాప సూదిమొనంతగా కుంచించుకుపోవచ్చు. పట్టపగలు అది పెద్ద ఇబ్బంది అనిపించదు. మసక వెలుతురులో మాత్రం కంటిలోకి చాలినంత కాంతి చేరదు, చూపు మసకబారుతుంది. అటువంటి కంటితో ఆ మనిషి పొగమంచులో జాతీయ రహదారి ఎక్కుతున్నాడు! ఎదురుగా దీపాలు లేకుండా ఆగి ఉన్న ధాన్యం ట్రాక్టరు మంచి చూపున్నవాడికే కనబడదు. ప్రమాదం జరిగితే పొగమంచు వల్ల అని రాసుకుంటారు. కనుపాపను చూడాలని ఎవరికి తోస్తుంది?

దుస్తుల సంగతి ఇంకా అన్యాయం. ముక్కుకు చుట్టిన మఫ్లరు ఆవిరిని ఆపలేదు. పైగా తుంపరను పీల్చుకొని, గంటల తరబడి ముక్కు దగ్గరే అట్టిపెడుతుంది. స్వెట్టరు వారానికొకసారైనా ఉతుకుతారో లేదో. చన్నీళ్లకు జంకి స్నానం మరునాటికి వాయిదా వేస్తే, చర్మం గుండా మందు ఇంకుతూనే ఉంటుంది. చలికి అద్దాలు బిగించిన వ్యానులో మూత సరిగా పడని డబ్బాలతో ప్రయాణం కూడా ఇటువంటిదే.

“ఇప్పుడన్నీ వాసన లేని, హాని లేని మందులే” అని కంపెనీలు జవాబు చెబుతాయి. ఇందులో కొంత నిజముంది. డైక్లోర్‌వాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 నాటి ఉత్తర్వుతో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించింది. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వాడే పైరిథ్రాయిడ్ మందులు మనిషికి అంత విషం కావు; అయినా మొహం మీద చిమచిమ, దగ్గు వాటితోనూ వస్తాయి. చెదలకు కొట్టే క్లోర్‌పైరిఫాస్ మాత్రం ఆర్గానోఫాస్ఫేటే. గోదాములలో అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువుకు విరుగుడు మందే లేదు. వాసన లేకపోవడం భద్రతకు కొలమానం ఎప్పుడైంది?

కొత్త చట్టం కావాలని నేను అడగడం లేదు. 1971 నాటి క్రిమిసంహారక మందుల నియమాలలో 37వ నియమం చదవండి. ఈ పనిలో ఉన్నవారికి ఉద్యోగంలో చేరేముందు, ఆపైన ఏడాదికొకసారి వైద్యపరీక్ష చేయించాలని అందులో ఉంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులతో పనిచేసేవారికి నెలకొకసారి రక్తంలో కోలినెస్టరేజ్ కొలవాలని కూడా ఉంది. మొదటి పరీక్ష ఎందుకు ముఖ్యమంటే, ఈ ఎంజైము సహజస్థాయి మనిషికీ మనిషికీ మారుతుంది. ఆరోగ్యంగా ఉన్ననాటి అంకె తెలియకపోతే, పడిపోయిన అంకెను గుర్తుపట్టలేము. యాభై ఏళ్లు దాటిన ఈ నియమం కాగితం మీద నిద్రపోతూంటే, కంపెనీ మాత్రం మనకు కరపత్రంలో “శిక్షణ పొందిన సిబ్బంది” అని అచ్చువేస్తుంది.

మీరు మందు కొట్టించుకునేవారైతే ఫోనులో ధర అడిగిన నోటితోనే మందు పేరు అడగండి, వచ్చే మనిషికి చివరి రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో అడగండి. “ఆరింటికల్లా రావాలి” అని పట్టుబట్టకండి. మంచు విడిచాక తొమ్మిదింటికి వస్తే మీ బొద్దింకలు ఎక్కడికీ పోవు. మందు కొట్టేటప్పుడు చలి అని కిటికీలు బిగించుకోకండి. పని అయ్యాక చేతులూ మొహమూ కడుక్కోవడానికి సబ్బూ, ఒక చెంబెడు వేణ్ణీళ్లూ ఇవ్వండి.

కంపెనీ యజమానులకు చెప్పేది ఇంతే. రాత్రి పని చేసినవాడిని తెల్లవారుజామున బండి ఎక్కించకండి. పని దుస్తులు రెండు జతలు ఇచ్చి, మీరే ఉతికించండి. మీ మనిషి ముక్కు కారుతోందన్న రోజున బండి తాళం తీసుకొని, కనుపాపలు చూడండి. అవి చిన్నవిగా ఉన్నా, చూపు మసకగా ఉందన్నా, ఊపిరి బరువైందన్నా ఆ దుస్తులు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించి, మందు డబ్బాను చీటీతో సహా వెంట తీసుకొని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి. అతడిని తనంతట తాను బండి నడుపుకుంటూ మాత్రం పంపకండి.