సమస్త ప్రమాదాల పాలసీలో కార్మికుడు ఎక్కడ?

రైల్వే వంతెన కట్టే చోట సిమెంటుకు బీమా వున్నది. ఇనుప గర్డరుకు, షట్టరింగు సామానుకు, క్రేనుకు బీమా వున్నది. వంతెన క్రింద నడచిపోయే బాటసారికి గాయమైతే చెల్లించడానికి సైతం బీమా వున్నది. ఆ గర్డరుపై నిలబడి బోల్టు బిగించే కార్మికునికి మాత్రం అందులో చోటు లేదు. ఇటువంటి పాలసీకి బీమా వ్యాపారం పెట్టిన పేరు ‘కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్స్’, అనగా సమస్త ప్రమాదాల పాలసీ! కార్మికుని చావు ఒక్కటే ఆ సమస్తంలో చేరలేదు.

ఈ పాలసీ నిర్మాణం ఏమిటో మన సభ్యులు తెలుసుకోవడం అవసరం. దీనిలో రెండు భాగాలున్నవి. మొదటిది కట్టడానికి, సామగ్రికి కలిగే నష్టం. రెండవది మూడవ పక్షానికి కలిగే హాని వలన కాంట్రాక్టరుపై పడే బాధ్యత. కాంట్రాక్టరు వద్ద గాని, పని చేయించుకొనే సంస్థ వద్ద గాని ఉద్యోగం చేసేవారి గాయాలు, మరణాలు ఈ రెండవ భాగం నుండి స్పష్టంగా మినహాయింపబడినవి. పరాయివాడు గాయపడితే బీమా పలుకుతుంది. పనివాడు పడిపోతే పలకదు.

“కార్మికులకు వేరే పాలసీ వున్నది కదా” అని బీమా కంపెనీలు జవాబు చెప్పవచ్చును. నిజమే, ఉద్యోగుల నష్టపరిహార పాలసీ అనేది వున్నది. కాని దానిని తీసుకొనవలెనని కాంట్రాక్టరును ఏ చట్టం శాసించింది? 1923 నాటి నష్టపరిహార చట్టం పరిహారాన్ని తప్పనిసరి చేసింది గాని, బీమాను తప్పనిసరి చేయలేదు. ఆ చట్టంలోని సూత్రాలు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో చేరి, 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. గ్రాట్యుటీ బాధ్యతకు తప్పనిసరి బీమాను రాసుకొన్న ఆ కోడ్, ప్రాణనష్టానికి మాత్రం ఆ పని చేయలేదు. ఇ.ఎస్.ఐ.లో నమోదైనవారికి ఆ మార్గం వేరుగా వున్నది. మేము మాట్లాడుతున్నది ఏ రిజిస్టరులోను పేరెక్కని వారిని గురించి.

సిమెంటు మోసే లారీ బీమా లేకుండా రోడ్డెక్కరాదని మోటారు వాహనాల చట్టం ఆదేశిస్తున్నది. అదే సిమెంటును తలపై మోసే మనిషి బీమా లేకుండా సారువ ఎక్కవచ్చును! ఈ తేడా ఎంత ప్రమాదకరమో 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చూపింది. మోటారు వాహనాల విషయంలో వలె ఇక్కడ బీమా చట్టబద్ధమైన నిర్బంధం కాదు గనుక, పరిహారంపై వడ్డీ చెల్లించే బాధ్యత నుండి బీమా కంపెనీ పాలసీ షరతు ద్వారా తప్పించుకొనవచ్చునని ఆ తీర్పు చెప్పింది. చట్టంలోని ఖాళీ కంపెనీకి హక్కుగా మారినది.

2023 ఆగస్టు 23న మిజోరాంలోని సైరాంగ్ సమీపాన, కురుంగ్ నదిపై నిర్మాణంలోవున్న రైల్వే వంతెన వద్ద జరిగిన ప్రమాదంలో 20 మందికి పైగా కార్మికులు మరణించినారు. వారిలో అధికులు పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా నుండి వెళ్లినవారు. రైల్వే శాఖ మృతుల కుటుంబాలకు 10 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. దానిని మేము తప్పుపట్టడం లేదు. కాని ఎక్స్‌గ్రేషియా పాలకుల దయ. పరిహారం కార్మికుని హక్కు. 2020 జనవరి 3 నాటి ప్రకటన ప్రకారం లెక్కకు తీసుకొనే నెల వేతన పరిమితి 15,000 రూపాయలు. ఆ లెక్కన 30 ఏండ్ల కార్మికుడు మరణిస్తే సగం వేతనమైన 7,500ను 207.98తో గుణించగా 15,59,850 రూపాయలు అతని కుటుంబానికి రావలసి వున్నది. ఇది ఎవరి ప్రకటన కొరకు ఎదురుచూడవలసిన సొమ్ము కాదు. ప్రమాదం జరిగిన నాడే పరిహారం బాకీ పడుతుందని, పడిపోయి చేయి పోగొట్టుకొన్న ఒక వడ్రంగి కేసులో 1975లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక టెండరు షరతులలో బీమా రాసివున్న చోట జరుగుతున్నదేమిటి? ఒప్పందంపై సంతకం చేసే రోజున పాలసీ నకలు ఒకటి ఫైలులో చేరుతుంది. ప్రీమియం వేతనాల మొత్తంపై లెక్కింపబడుతుంది గనుక తక్కువ మందిని, తక్కువ కూలిని చూపడంలోనే కాంట్రాక్టరుకు లాభం. పని గడువు పొడిగింపబడుతుంది, పాలసీ గడువు పొడిగింపబడదు. పని ఉప కాంట్రాక్టరుకు, అతని నుండి గుంపు మేస్త్రీకి దిగుతుంది. పాలసీ పైవాని వద్దనే ఆగిపోతుంది. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలకు ఈ మెట్ల సంగతి తరతరాలుగా తెలుసు. ప్రమాదం జరిగినప్పుడు ఆస్పత్రి వరండాలో కొంత నగదు చేతిలో పెట్టి వేలిముద్ర తీసుకొనడం ఈ కథకు ముగింపు. మరణ పరిహారాన్ని అధికారి వద్ద జమచేయక నేరుగా ఇస్తే అది చెల్లింపు కాదని, హక్కు వదులుకొన్నట్లు రాయించుకొన్న కాగితం చెల్లదని చట్టం చెప్పిన సంగతి ఆ వితంతువుకు ఎవరు చెప్పాలి?

రైల్వే యాజమాన్యం “వారు మా మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు” అని చేతులు దులుపుకొనడానికి వీలులేదు. తన పనిని కాంట్రాక్టుకిచ్చిన ప్రధాన యజమాని, తన ఆధీనంలోని స్థలంలో జరిగిన ప్రమాదానికి పరిహారం చెల్లించి, తరువాత దానిని కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనవలెనని 1923 చట్టపు 12వ సెక్షనే నిర్దేశించింది. ప్రభుత్వశాఖ తన విధులు నిర్వర్తించడాన్నే దాని వ్యాపారంగా భావించవలెనని కూడా ఆ చట్టం పలికింది. రాబట్టుకొనే దారి, బిల్లులు ఆపే అధికారం యాజమాన్యానికి వున్నవి. లేనిది సంకల్పం మాత్రమే.

తప్పనిసరి బీమా వలన టెండరు రేట్లు పెరుగునని కొందరు అధికారుల వాదన. ఇనుముకు, క్రేనుకు కట్టే ప్రీమియం నేడు ఎవరు భరిస్తున్నారు? ఆ ఖర్చు కూడా రేట్లలో కలిసి ప్రజాధనం నుండియే పోతున్నది. ఇనుము కొరకు భరించదగిన ఖర్చు మనిషి కొరకు భారమెట్లు అగును?

ఇది పరాయి సమస్య అని శాశ్వత ఉద్యోగులు భావించరాదు. ఆ కొలతలు రాసేది మనము, ఆ బిల్లులు నడిపేది మనము, ప్రమాదస్థలానికి ముందుగా పరుగెత్తే గ్యాంగుమన్ మనవాడే. తపాలా ఉద్యోగులకు బీమా విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1884 ఫిబ్రవరి 1న తపాలా జీవిత బీమా ప్రారంభమైనది వారి కొరకే. కాంట్రాక్టరు క్యాంపు ఎత్తివేసిన తరువాత అతని పేర వచ్చిన నోటీసుపై ‘చిరునామాదారు వెళ్లిపోయినాడు’ అని రాసి తిప్పిపంపే పోస్టుమాన్‌కు, ఆ రెండు మాటల వెనుక ఒక కుటుంబం వీధినపడిన సంగతి తెలుసు.

కావున మా డిమాండ్లు ఇవి:

1. నిర్మాణ పనులలో కార్మికుల నష్టపరిహార బీమాను, లారీ బీమా వలెనే, చట్టం ద్వారా తప్పనిసరి చేయాలి.

2. ఉప కాంట్రాక్టరు, మేస్త్రీల క్రింద పనిచేసేవారితో సహా మస్టరులోని ప్రతి ఒక్కరూ పాలసీలో చేరాలి. చెల్లుబాటులోనున్న పాలసీ జతచేయనిదే ఏ రన్నింగ్ బిల్లును పాస్ చేయరాదు.

3. పాలసీ గడువు పొడిగించనిదే పని గడువు పొడిగించరాదు.

4. పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, పరిహార అధికారి చిరునామా కార్మికుల భాషలో పనిస్థలం వద్ద బోర్డుపై రాయాలి.

5. ప్రమాదం జరిగిన నెలలోగా రైల్వే స్వయంగా పరిహారాన్ని జమచేసి, ఆ పిమ్మట కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనాలి.

సోదర సోదరీమణులారా! చట్టం మారేవరకు చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పనిలేదు. ప్రతి బ్రాంచి తన పరిధిలోని పనిస్థలానికి వెళ్లి, “పాలసీ చూపండి, మస్టరు చూపండి” అని అడగాలి. రెండింటిలోని సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వున్న చోట లిఖితపూర్వకంగా డివిజనల్ అధికారులకు పంపి, నకలును మాకు చేర్చవలసినదిగా కోరుచున్నాము. సైరాంగ్ మార్గం 2025 సెప్టెంబరు 13న ప్రారంభమైనది. ఆ వంతెనలపై రైలు నడిపేవారు, ఆ రైలులో టపా సంచులు పంపేవారు ఈ ప్రశ్న అడగకపోతే మరెవరు అడుగుతారు?